ఆపరేషన్ ఫ్రీ, అద్దె కాదు

గేటు పక్కన ఇస్త్రీ బండి మీద తొమ్మిది బట్టల మూటలున్నాయి. కొన్ని దుప్పట్లో కట్టినవి, కొన్ని పాత చీరల్లో, ఒకటి నీలం లుంగీలో. ఏ మూట ఎవరిదో తెలిసిన ఒకే ఒక్క మనిషి సర్కారు దవాఖానలో కాలికి బరువు వేలాడదీసుకుని పడుకున్నాడు. ముందురోజు రాత్రి పని ముగించుకుని మల్కాజిగిరిలో రోడ్డు దాటుతుంటే ఆటో గుద్దేసి ఆగకుండా పోయింది. తొడ ఎముక విరిగింది.

ఎలా ఉందో కనుక్కుందామని నేను ఫోన్ చేస్తే ఆయన ముందు మూటల గురించే చెప్పాడు. "అమ్మా, నీలం లుంగీల కట్టింది మూడొందల రెండోళ్లది. పూల దుప్పటి మేజర్ సారుది, అండ్ల తెల్ల అంగీకి గంజి పెట్టిన్రు, జర నలగకుండ ఇయ్యండి." తొమ్మిదీ చెప్పాడు. ఇంటింటికీ తిరిగి ఇచ్చాను. ఒక్కటి కూడా తప్పు పోలేదు.

నేను బ్యాంకులో చేసి రిటైరయ్యాను. అందుకే మా అపార్ట్‌మెంట్‌లో డబ్బు మాట ఎక్కడ వచ్చినా చివరికి నా ఒళ్లోనే పడుతుంది. ఆ సాయంత్రం వాట్సాప్ గ్రూపులో ఒకబ్బాయి "ఇస్త్రీ అన్న ఆపరేషన్‌కి సాయం చేద్దాం" అని పెట్టి, కింద తన సొంత క్యూఆర్ కోడ్ పెట్టాడు. పాపం మంచి ఉద్దేశమే. కానీ రేపు ఎవరైనా లెక్క అడిగితే వాడి జీతం, స్విగ్గీ ఖర్చు, ఈ విరాళాలు అన్నీ ఒకే స్టేట్‌మెంట్‌లో కనిపిస్తాయి. అసోసియేషన్ ఖాతాలో వేద్దామంటే సెక్రటరీ గారు మెయింటెనెన్స్ డబ్బుతో కలపనివ్వనన్నారు. అదీ సబబే. చివరికి నేను వాడకుండా వదిలేసిన పాత సేవింగ్స్ ఖాతాలో ఉన్న 212 రూపాయలు తీసేసి, సున్నా చేసి, ఆ ఖాతా క్యూఆర్ పెట్టించాను. ఆ అబ్బాయి తనకి అప్పటికే వచ్చినవి కూడా అందులోకి మళ్లించాడు. రెండు రోజుల్లో 14 ఇళ్ల నుంచి 17,500 రూపాయలు పడ్డాయి.

మూడో రోజు దవాఖానకు వెళ్లాను. అక్కడ తెలిసింది, ఆపరేషన్‌కి ఒక్క రూపాయి కూడా అక్కర్లేదని. వాళ్ల రేషన్ కార్డు పాలమూరు దగ్గర సొంతూళ్లో ఉంది. తమ్ముడు రాత్రి బస్సులో పట్టుకొచ్చాడు. ఆరోగ్యమిత్ర కౌంటర్ దగ్గర కాగితాలు అయిపోయాయి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. తొడ ఎముకలో రాడ్ వేసే ఆపరేషన్ అందులో సులువుగా పడుతుంది. డాక్టరు మాత్రం ఇంకో మాట చెప్పాడు. ఆరు వారాలు కాలు నేల మీద మోపకూడదు. రోజంతా నిలబడి చేసే పని నాలుగు నెలల దాకా తలపెట్టొద్దు.

బొగ్గుల ఇస్త్రీ పెట్టె ఎప్పుడైనా ఎత్తి చూశారా? నేను మూటలు తీసుకునేటప్పుడు పక్కకు జరుపుదామని ఒంటి చేత్తో పట్టుకున్నాను. లేవలేదు. రెండో చెయ్యి వేయాల్సి వచ్చింది. ఆయన దాన్ని పొద్దున ఎనిమిది నుంచి రాత్రి తొమ్మిది దాకా ముందుకీ వెనక్కీ తోస్తాడు, మొత్తం నిలబడే.

ఇంటికొచ్చి గ్రూపులో ఉన్నదున్నట్టు రాశాను. ఆపరేషన్ ఉచితం, నాలుగు నెలల ఇంటి ఖర్చుకి సాయం కావాలి అని. అంతే, గ్రూపు చల్లబడిపోయింది. అరగంట తర్వాత ఒక బొటనవేలు బొమ్మ వచ్చింది. రాత్రి ఒకాయన విడిగా మెసేజ్ చేశాడు: "ఆంటీ, ఫ్రీ అయితే మరి ఈ డబ్బులెందుకు?"

ఆయన్ని తప్పు పట్టను. ఆపరేషన్ అంటే అందరి కళ్లముందూ ఒక బొమ్మ కదులుతుంది: మంచం, సెలైన్ బాటిల్, పచ్చ గుడ్డలు. ఇంటి అద్దెకి ఏ బొమ్మా లేదు. అద్దె మనమూ కడతాం కదా, వాళ్లూ కట్టుకుంటారనుకుంటాం. ఆ మెసేజ్ ఆపరేషన్‌కే అని ఉంచేసి, వచ్చింది వచ్చినట్టు వసూలు చేసి ఇచ్చేయొచ్చుగా అన్నారు ఒకావిడ. నిజం చెప్పొద్దూ, నాకూ ఒక్క క్షణం అదే అనిపించింది. కానీ ముప్పై ఏళ్లు పైబడి ఓచర్ మీద ఏ పేరు రాస్తే ఆ పద్దులోనే వేసినదాన్ని, చేతులు రాలేదు.

మర్నాడు ఆయన భార్యతో కూర్చుని క్యాలెండర్ కాగితం వెనక లెక్క రాశాం. గది అద్దె నెలకు 5,500, నాలుగు నెలలకి 22,000. ఆమె రెండిళ్లలో పనిచేసి తెచ్చేది పోను ఇంటి ఖర్చుకి నెలకు 4,000 తక్కువ పడుతుంది, అది 16,000. దవాఖానకు ఆటోలు, బయట కొనే మందులు 6,000. ఇంకా చిట్టీ, నెలకు 2,000 చొప్పున 8,000. మొత్తం 52,000.

చిట్టీ దగ్గర పెద్ద గొడవే అయింది. "తిండికి ఇస్తాం గానీ చిట్టీ కూడా మనమే కట్టాలా?" అన్నారు. అది యాభై వేల చిట్టీ, పాతిక నెలలది. పదిహేడు నెలలు కట్టారు, ఇంకా ఎత్తలేదు, కూతురి పై చదువుకని ఉంచారు. ఇప్పుడు అవసరమని పాట పాడితే ఎంతో కొంత వదులుకోవాలి, ఎత్తాక కూడా మిగిలిన ఎనిమిది నెలలూ కట్టాలి. కట్టడం మానేస్తే ఇన్నాళ్లు కట్టింది అక్కడే ఇరుక్కుపోతుంది. ఇది ఒక్కొక్కరికీ విడిగా చెప్పాల్సి వచ్చింది. ఎవరి చిట్టీ వాళ్లకి మహా బాగా అర్థమవుతుంది మరి.

ఇంకా 34,500 కావాలి. ఆన్‌లైన్‌లో విరాళాలు సేకరించే సైట్లు చూశాం. ముందుగా అడిగేది ఆసుపత్రి ఎస్టిమేట్ లెటర్. అద్దెకి ఎస్టిమేట్ లెటర్ ఎవరిస్తారు? ఐదో అంతస్తు ఐటీ దంపతులు ఆదాయపు పన్ను మినహాయింపుకి 80జీ రసీదు ఇస్తారా అని అడిగారు. ఆ మినహాయింపు ఆదాయపు పన్ను శాఖ ఆమోదం ఉన్న ట్రస్టులకిచ్చే విరాళాలకే, ఒక మనిషికి చేసే సాయానికి రాదు, ఆమోదం ఉన్నా 2,000 దాటిన నగదుకు వర్తించదు, పైగా మీరు కొత్త పన్ను విధానంలో ఉంటే ఎలాగూ లేదు అని చెప్పాను. "సరే ఆంటీ" అన్నారు, ముందే పంపిన 2,000 మాత్రం వెనక్కి అడగలేదు. మంచి పిల్లలు.

అప్పుడొచ్చింది తిండి మేళా ఆలోచన. నాది కాదు, రెండో అంతస్తు వరంగల్ ఆవిడది. "డబ్బులడిగితే ఇయ్యరు గానీ సర్వపిండి పెడితే ఎవరాగుతారు?" అంది. ఆవిడ మాట నిజమైంది.

మొదట అనుకున్న ఆదివారం లష్కర్ బోనాలు. అది గుర్తు చేసింది మా వాచ్‌మన్. ఉజ్జయిని మహంకాళి గుడి వైపు సగం సికింద్రాబాద్ కదులుతుంటే మన పార్కింగ్‌కి ఎవరొస్తారమ్మా అన్నాడు. తర్వాతి ఆదివారం లాల్ దర్వాజ. దాని తర్వాతి ఆదివారానికి ఖాయం చేశాం.

ఫ్లెక్సీ కొట్టించేటప్పుడు ఆయన ఫొటో అడిగారు కుర్రాళ్లు, కట్టుకట్టిన కాలు కనిపించేలా. నేను ఆయన్ని అడిగాను. "అమ్మా, ఈడ అందరి బట్టలు నేనే జేస్త. ఫొటో ఎందుకు, అందరికి నేను ఎర్కనే" అన్నాడు. ఫ్లెక్సీ మీద ఇస్త్రీ పెట్టె బొమ్మ వేయించాం. పక్క రెండు అపార్ట్‌మెంట్ల వాళ్లు కూడా దాన్ని చూసే గుర్తుపట్టి వచ్చారు.

సర్వపిండి సంగతి కాస్త చెప్పాలి. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కరివేపాకు, పచ్చిమిర్చి కలిపి, గిన్నె లోపలే చేత్తో పలచగా అద్ది, వేలితో చిల్లులు పెట్టి అందులో నూనె చుక్కలు వేస్తారు. మూతపెట్టి సన్నమంట మీద వదిలేయాలి. ఒక్కోటీ పది నిమిషాలు. ఆవిడ దగ్గర నాలుగు గిన్నెలే ఉన్నాయి, ఒకటి చల్లారితే గానీ మళ్లీ పిండి అద్దడానికి లేదు. ఆరింటికల్లా ముప్పై మంది లైను. ఇది ఘోరంగా తప్పిన ప్లాన్ అనుకున్నాను. తీరా చూస్తే లైనులో నిలబడ్డవాళ్లు ఊరికే ఉండలేక పక్కన మిర్చి బజ్జీ తిన్నారు, చాయ్ తాగారు, పిల్లలకి డబుల్ కా మీఠా కొనిపెట్టారు. కోనసీమ ఆవిడ తెప్పించిన పూతరేకులు గంటలో అయిపోయాయి. మా అందరికంటే ఎక్కువ అమ్మకం జరిపించింది ఆ పది నిమిషాల ఆలస్యమే.

ఏడున్నరకి వాన. పార్కింగ్ పైకప్పు కింద ఉన్నాం కాబట్టి బతికాం, కానీ ర్యాంప్ మీంచి నీళ్లు లోపలికి రావడం మొదలైంది. బజ్జీల పొయ్యి ఎత్తి బల్ల మీద పెట్టారు. వానకి బజ్జీల గిరాకీ ఇంకా పెరిగింది, నూనె అయిపోతే నేను నా డబ్బుతోనే ఇంకో డబ్బా తెప్పించాను. (ఈ డబ్బా సంగతి మళ్లీ వస్తుంది.) తంబోలా 50 రూపాయల టికెట్లు 120 అమ్ముడయ్యాయి, బహుమతులన్నీ ఇళ్లలోంచి వచ్చినవే. ఒక ఇంట్లో పెళ్లికి వచ్చిన డిన్నర్ సెట్ డబ్బా కూడా విప్పకుండా మూడో చెయ్యి మారింది.

అసలు పనికొచ్చిన మాట ఒకటి ఆ బజ్జీల దగ్గరే దొరికింది. వకీలు చేసి మానేసిన పెద్దాయన ఒకరు "ఆటో నంబరు దొరకలేదా? అయితే హిట్ అండ్ రన్ కింద పెట్టండి" అన్నారు. 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న కేంద్రం స్కీము ప్రకారం, గుద్దిన బండి దొరక్కపోతే తీవ్రంగా గాయపడ్డవాళ్లకి 50,000, చనిపోతే కుటుంబానికి 2 లక్షలు ఇస్తారు. నాకు తెలియదు. ఒక ఊరి జనం కలిసి వానలో పిండి వంటలమ్మి తెచ్చేంత డబ్బు, ఒక దరఖాస్తు మీద ఉంది! దానికి ఎఫ్ఐఆర్ కావాలి. దవాఖాన వాళ్లు మెడికో లీగల్ కేసు, అంటే పోలీసులకు తెలపాల్సిన కేసు అని రాసుకున్నారు గానీ వీళ్లు స్టేషన్‌కి వెళ్లి ఫిర్యాదు ఇవ్వలేదు. ఆటో దొరకనప్పుడు ఎందుకులే అనుకున్నారట. సోమవారమే భార్యను, తమ్ముణ్ని వెంటబెట్టుకుని వెళ్లాం. ఆలస్యం ఎందుకైందో రాసిమ్మన్నారు, రాసిచ్చాం. ఎఫ్ఐఆర్ కాపీ, గాయం రిపోర్టు, ఆధార్, బ్యాంకు వివరాలతో దరఖాస్తు పెట్టాం. ఇది రాసేనాటికి ఇంకా రాలేదు. నెలకోసారి నేను వెళ్లి అడిగి వస్తున్నాను.

లెక్కకి వస్తే, స్టాళ్ల మీద 38,640, తంబోలా 6,000, ఖర్చులు 9,320. మిగిలింది 35,320. ముందు వచ్చిన 17,500 కలిపితే 52,820. కాగితం మీద రాసి, బ్యాంకు స్టేట్‌మెంట్ జతచేసి లిఫ్ట్ పక్కన నోటీసు బోర్డుకి అంటించాను.

ఇవ్వడం ఇంకో తతంగం. ఆయన ఖాతాలో వేస్తే బండి ఫైనాన్స్ వాయిదా దానంతటదే లాగేసుకుంటుంది. భార్యకి జన్‌ధన్ ఖాతా ఉంది గానీ రెండేళ్లు దాటి వాడలేదు, అది పడుకుంది. ఆమెతో వెళ్లి ఆధార్, ఫొటో ఇచ్చి మళ్లీ కేవైసీ చేయించి లేపాం. మొత్తం ఒకేసారి ఇచ్చేద్దామన్నారు కొందరు. ఆమే వద్దంది: "ఒక్కపారి ఇస్తె చుట్టాలొస్తరు అమ్మా." నెలనెలా ఐదో తారీఖున 13,000 పంపాను. చుట్టాలు రాలేదు గానీ గది ఓనరు వచ్చాడు, మేళా గురించి విని, పాత కరెంటు బిల్లు బకాయి ఉందని.

కరెంటు ఇస్త్రీ పెట్టె కొనిద్దామని కూడా అనుకున్నాం. రజకుల లాండ్రీలకి 2021 ఏప్రిల్ నుంచి రాష్ట్రంలో నెలకు 250 యూనిట్లు ఉచితం. కానీ దానికి మీటరుండాలి. మూడు చక్రాల బండికి మీటరెక్కడిది? ఆ ముచ్చట అక్కడితో ఆగింది.

ఐదో నెలలో ఆయన పనిలోకొచ్చాడు. ఎవరో బాల్కనీలోని ఎత్తు స్టూలు ఇచ్చారు. దాని మీద కూర్చుని సగం, నిలబడి సగం చేస్తున్నాడు. ఇళ్లకి పైకెక్కలేడు కాబట్టి ఎనిమిదో తరగతి చదివే కూతురు బడి అయ్యాక మూటలు తెచ్చిపెడుతోంది.

మొన్న బట్టలిచ్చి వెళ్తూ లిఫ్ట్ దగ్గర ఆగింది.

"ఆంటీ, అండ్ల నూనె రెండుసార్లు రాసిన్రు."

చూశాను. "బజ్జీల నూనె 1,450" ఒకటి. కింద "చేతి ఖర్చులు" అని నేను రాసుకున్న జాబితాలో అదే డబ్బా, అదే 1,450. రెండుసార్లూ ఆ ఖాతాలోంచి నేను తీసేసుకున్నాను. అంటే ఇన్ని నెలలుగా ఆ డబ్బు నా పర్సులో ఉంది.

"ఎప్పుడు చూశావే?"

"మీరు అంటించిన్నాడే."

"మరి చెప్పలేదేం?"

"నాన్న వద్దన్నడు."

లోపలికి వెళ్లి 1,450 తెచ్చిచ్చాను. బోర్డు మీది కాగితంలో ఎర్ర పెన్నుతో ఒక గీత కొట్టి, మొత్తాన్ని 54,270 అని దిద్ది సంతకం పెట్టాను. అంతసేపూ ఆ పిల్ల నా వెనకే నిలబడి చూసింది. తర్వాత నీలం లుంగీ మూట భుజానికెత్తుకుని మెట్లు దిగింది.