ఆ నవ్వు మాత్రం మర్చిపోలేకపోతున్నాను

రాత్రి పదకొండు దాటాక సీరియల్ కిల్లర్ల వీడియోలు చూడటం నాకు అలవాటు, "పడుకునే ముందు ఆ దిక్కుమాలిన చావు కథలేంటే" అని అమ్మ తిడుతూనే ఉంటుంది. కానీ నన్ను నిజంగా భయపెట్టింది ఏ హంతకుడూ కాదు, 1961లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే సైకాలజిస్ట్ మొదలుపెట్టిన ప్రయోగం.

పేపర్లో ప్రకటన చూసి 4 డాలర్ల కోసం వచ్చిన మామూలు మగవాళ్లు. పక్క గదిలో ఉన్నాయన తప్పు జవాబు చెప్పినప్పుడల్లా షాక్ ఇవ్వాలి, 15 వోల్టులతో మొదలుపెట్టి 450 దాకా. షాక్ ఉత్తుత్తిదే, ఆయన నటిస్తున్నాడంతే, అది వీళ్లకు తెలీదు. ఆయన గోడను దబదబా బాదినా, తర్వాత అసలు చప్పుడే ఆగిపోయినా, ప్రయోగం నడిపిస్తున్న బూడిదరంగు కోటు మనిషి కానివ్వమన్నాడని 40 మందిలో 26 మంది చివరి మీట దాకా నొక్కేశారు.

రాక్షసులేం కాదు. చెమటలు పట్టాయి, వణికారు, కొందరు గోళ్లు చర్మంలోకి దిగేలా గుచ్చుకున్నారు. 14 మందికైతే నవ్వొచ్చింది! సరదా నవ్వు కాదు, టెన్షన్‌తో ఆపుకోలేక వచ్చే పిచ్చి నవ్వు.

ఆ నవ్వు నాకు తెలుసు. ఆరో క్లాసులో సారు ఒకబ్బాయిని చితకబాదుతుంటే నేనూ అలాగే నవ్వాను. బెత్తం తెచ్చిచ్చింది కూడా నేనే, తెమ్మన్నారని.