పిన్నీ, మెట్ల గీతా, ఏడు జీన్లూ

ఈరోజు పెద్దగా ఏం జరగలేదు, అయినా రాసుకోవాలనిపించింది. పొద్దున్నించీ పర్లాకిమిడిలో ఒకటే ముసురు, కరెంటు పోతా వస్తా ఉంది, లాప్‌టాప్‌లో చార్జింగ్ సగమే, నా ప్రాజెక్టేమో గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్‌లో జీన్లు చూసి ఎవరికి జబ్బు తిరగబెడుతుందో ముందే చెప్పగలమా అని. జీన్ సిగ్నేచర్ అంటారు దీన్ని. పేరు గొప్పగా ఉంటుంది గానీ లోపల జరిగేది కూడికలే, కణితి ముక్కలోంచి ఆర్ఎన్ఏ తీసి ఒక్కో జీన్ ఎంత జోరుమీదుందో కొలిచి, దేనికెంత వెయిటేజీయో పెట్టి, మొత్తం కలిపి మనిషికో స్కోరు.

డేటా అంటే మా అందరికీ టీసీజీఏ అనే అమెరికా క్యాన్సర్ జీన్ల ప్రాజెక్టే దిక్కు. 2017లో నేచర్ పత్రికలో 228 కణితుల సంగతులు వేశారు, డేటా ఫ్రీ, ఇక అందరం దానిమీదే పడ్డాం. తిరకాసు ఏంటంటే జీన్లేమో దాదాపు 20 వేలు, మనుషులు వందల్లో, చనిపోయినవాళ్లు ఇంకా తక్కువ, అంత కుప్పలో వెతికితే ఏదో ఒకటి దొరక్క ఏమవుతుంది. ఇవాళ పంతం పట్టి కళ్లుమూసుకుని ఏవో ఏడు జీన్లు ఏరి, ఎక్కువ రిస్కు, తక్కువ రిస్కు వాళ్లని విడగొట్టే కటాఫ్‌ని అటూ ఇటూ జరిపి చూశా, ఎవరెన్నాళ్లు బతికారో చూపే గ్రాఫులో ఒకచోట రెండు గ్రూపుల గీతలూ ఎంత చక్కగా విడిపోయాయో! పేపర్లో వేసుకోవచ్చు. వేరే డేటా పెట్టి చూస్తే రెండు గీతలూ జడ అల్లినట్టు కలిసిపోయాయి. నవ్వొచ్చింది, కొంచెం సిగ్గేసింది కూడా, ఎందుకంటే పోయిన నెల గైడ్ గారికి చూపించిన ఏడు జీన్లూ ఇలా దొరికినవే కదా.

రొమ్ము క్యాన్సర్‌కైతే 21 జీన్ల ఆంకోటైప్, 70 జీన్ల మమ్మాప్రింట్ నిజంగానే డాక్టర్లు వాడుతున్నారు, కీమో కావాలా వద్దా తేల్చుకోడానికి. గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్‌కి ఇంకా చూసేది స్టేజీ, గడ్డ సైజు, లింఫ్ గ్రంథులే.

మధ్యాహ్నం పిన్ని వచ్చింది, రేపు విశాఖలో చెకప్. ఫైలు ఒళ్లో పెట్టుకుని నా పక్కనే కూచుంది. మూడేళ్ల క్రితం ఇదే జబ్బుకి 25 కరెంట్లు, అంటే బయటినించి రేడియేషన్, పెట్టారు, వారం వారం సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు, ఆపైన లోపల పెట్టే రేడియేషన్. మొత్తం 8 వారాల్లో అయిపోవాలి, ఆలస్యమయ్యేకొద్దీ జబ్బు లొంగడం కష్టం. మా పిన్ని మధ్యలో 9 రోజులు ఇంటికొచ్చేసింది. లాడ్జి డబ్బులైపోయాయి, మాది ఒడిశా ఆరోగ్య కార్డు, విశాఖలో పనిచెయ్యలేదు, బాబాయి ఇక్కడ ధాన్యం అమ్మి డబ్బు పంపేదాకా ఆగాల్సొచ్చింది. నా టేబుల్లో ఇన్ని వేల కాలమ్‌లున్నాయి, ఆ 9 రోజులకి ఒక్కటీ లేదు. గైడ్ గారికి చెప్తే అది జీన్ కాదు, క్లినికల్ వేరియబుల్, అంటే వైద్యం తాలూకు వివరం, అంటారు, పోనీ అదైనా పెట్టనిస్తే బాగుణ్ణు.

"ఏటే అది, మెట్లు గీసినావు?" అంది స్క్రీన్ చూసి.

చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం ఆగాను. తర్వాత చెప్పేశా, ఎక్కడ మెట్టు దిగితే అక్కడ ఒకావిడ పోయినట్టు అని. పిన్ని ఏం జడవలేదు, కళ్లజోడు పెట్టుకుని దగ్గరకొచ్చి చూసింది.

"మరి మధ్యలో ఈ సన్న గీకుళ్లేటి?"

"ఆళ్లు అప్పటికి బాగానే ఉన్నారు పిన్నీ, తర్వాత సంగతి ఈళ్ల దగ్గర్లేదు."

"అయితే నాను ఆ గీకునన్నమాట" అని, అమ్మకేసి తిరిగి, "అక్కా, రేపటి రైలుకి పులిహోర కడతావేటి, బయట తిండి నాకు పడదు" అంది. ఇంతలో కరెంటు పోయింది, నేను సేవ్ చెయ్యలేదు.