ఇంగ్లీషులో లాటిన్ తత్సమాలు, తద్భవాలు

తెలుగు వ్యాకరణంలో తత్సమ, తద్భవాల పాఠం చదివినవారికి లాటిన్ నేర్చుకోవడంలో అదనపు ఆనందం ఒకటి దొరుకుతుంది. సంస్కృతపు రాత్రి మనకు రాత్రిగానూ, రాతిరిగానూ మిగిలినట్టే, ఎన్నో లాటిన్ మాటలు ఇంగ్లీషులో జంటలుగా నిలిచి ఉన్నాయి.

లాటిన్‌లో ఫ్రగిలిస్ అంటే సులువుగా విరిగిపోయేది అని అర్థం. ఈ మాట శతాబ్దాల పాటు జనం నోళ్లలో నలిగి, నడుమనున్న గకారాన్ని పోగొట్టుకుని, అరిగిన రూపంతో ఫ్రెంచిలో మిగిలింది. 1066లో ఫ్రాన్సు నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండును జయించాక అక్కడి పాలకవర్గానికి ఫ్రెంచే భాష కావడంతో, తరువాతి కాలంలో ఆ దారినే అది ఫ్రెయిల్‌గా ఇంగ్లీషులో చేరింది. పునరుజ్జీవన కాలానికి ఇదే మాట లాటిన్ రూపం చెడకుండా మరోసారి వచ్చింది, అది ఫ్రాజైల్. నేడు వృద్ధుల శరీరం ఫ్రెయిల్, గాజుపాత్ర ఫ్రాజైల్. ష్యూర్, సెక్యూర్ కూడా సేకూరుస్ అనే ఒకే మాటకు పుట్టిన జంట.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది డెట్ అనే మాట. అప్పు అనే అర్థంలో ఫ్రెంచి నుంచి వచ్చిన ఈ మాటను మొదట్లో బి అక్షరం లేకుండా, పలికినట్టే రాసేవారు. దాని మూలం దేబితుమ్ అని గుర్తుచేసేందుకు పండితులు ఆ తరువాత బి చేర్చారు. రాత మారింది గానీ పలుకు మారలేదు. డౌట్‌లోని బి కూడా ఇటువంటిదే. ఐలాండ్ విషయంలో మాత్రం ఈ పాండిత్యం దారి తప్పింది. అది ఇంగ్లీషు సొంత మాట, ద్వీపం అనే అర్థమున్న లాటిన్ ఇన్సులతో దానికి చుట్టరికమే లేదు, అయినా ఎస్ వచ్చి చేరింది. స్పెల్లింగులు బట్టీ పట్టించే ముందు పిల్లలకు ఈ కథ చెప్పాలని నా గట్టి అభిప్రాయం.

ఇక అర్థాల మార్పు మరీ విచిత్రమైనది. నైస్‌కు మూలమైన నెస్కియుస్ అంటే ఏమీ ఎరగనివాడు. ఇంగ్లీషులో మొదట మూర్ఖుడిని నైస్ అనేవారు. తరువాత అతి సున్నితమైన, సూక్ష్మమైన అనే అర్థాలు కలిగి, 18వ శతాబ్దానికి మంచిది, హాయైనది అనే అర్థం స్థిరపడింది. ఎరుగుట అనే అర్థమున్న స్కీరె ధాతువు నైస్‌లోనే కాక సైన్స్‌లోనూ ఉంది. అందుకే కొత్త లాటిన్ ధాతువు పరిచయమైన ప్రతిసారీ, ఒక్కో అర్థానికీ తేదీలతో ప్రయోగాలు చూపే ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు తెరిచి, దాని ఇంగ్లీషు సంతానాన్ని ఓపికగా వెతుకుతున్నాను.