స్టాన్లీ టరెంటైన్ పుట్టిన ఊళ్లో

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటున్న మా తమ్ముడు పిట్స్‌బర్గ్ వెళ్దామన్నప్పుడు అతని మనసులో ఉన్నది పెన్ హిల్స్ వేంకటేశ్వరస్వామి దర్శనం. నా మనసులో దానితోపాటు మరొకటి కూడా ఉంది. ఇరవై ఏళ్లకు పైగా విజయవాడలో, ఇంట్లో అందరూ పడుకున్నాక నేను వింటూ వస్తున్న జాజ్ టెనర్ శాక్సఫోన్ విద్వాంసుడు స్టాన్లీ టరెంటైన్ 1934 ఏప్రిల్ 5న పుట్టింది ఆ ఊళ్లోనే. 2000 సెప్టెంబరులో న్యూయార్క్‌లో కన్నుమూశాక ఆయనను తెచ్చి ఖననం చేసిందీ ఆ ఊళ్లోనే. శాక్సఫోన్‌ను నా చెవికి మొదట అలవాటు చేసింది కద్రి గోపాల్‌నాథ్ గారి కచేరీలు. ఆయనది ఆల్టో. టెనర్ దానికన్నా పెద్దది, మంద్రంగా పలికేది. టరెంటైన్ చేతిలో అది నడివయసు మనిషి గొంతులా, కొంచెం బొంగురుగా, నిండుగా ఉంటుంది.

దారి ఆరు గంటలు. ఏ రికార్డు తర్వాత ఏది వినాలో ముందురోజు రాత్రే వరస రాసిపెట్టుకున్నాను. మొదటిది ఆర్గాన్ విద్వాంసుడు జిమ్మీ స్మిత్ పేరిట వచ్చిన 'బ్యాక్ ఎట్ ది చికెన్ షాక్'. 1960 ఏప్రిల్ 25న, ఒక్కరోజులోనే, దీనినీ 'మిడ్‌నైట్ స్పెషల్' అనే ఇంకో రికార్డుకు కావలసిన పాటలనూ వాయించేశారు. టరెంటైన్‌కు అప్పటికి ఇరవై ఆరేళ్లు. ఇందులో ఆయన సొంత రచన 'మైనర్ చాంట్' ఉంది. పదిహేడో ఏటికే ఇల్లు విడిచి, లోవెల్ ఫుల్సన్ బ్లూస్ బృందంతో, రే చార్లెస్ పియానో వాయిస్తుండగా ఊరూరా తిరిగిన కుర్రవాడు ఆ తిరుగుడంతా గొంతులో నింపుకుని వచ్చాడని దాన్ని విన్నప్పుడల్లా నాకు అనిపిస్తుంది. ఎన్ని స్వరాలు వేయగలడో చూపించాలన్న ఆరాటం ఆయనలో కనిపించదు. ఒక స్వరాన్ని పట్టుకుంటే దాని రసమంతా పిండి గానీ వదలడు.

పెన్సిల్వేనియా టర్న్‌పైక్ మీద బ్లూ మౌంటెన్, కిటాటిని సొరంగాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. మధ్యలో క్షణకాలం వెలుతురు, మళ్లీ చీకటి. ఆ సమయానికి గిటార్ విద్వాంసుడు కెన్నీ బరెల్ 'మిడ్‌నైట్ బ్లూ' మొదలైంది. 1963 జనవరిలో రికార్డు చేసిన దీంట్లో పియానో లేదు, అందుకే పాటలో అంత ఖాళీ. 'చిట్లిన్స్ కాన్ కార్నే'లో రే బరెట్టో కాంగా డోలు నడుస్తుండగా టరెంటైన్ శాక్సఫోన్ ఒక చిన్న మాట అంటుంది, గిటార్ రెండు దెబ్బలతో బదులిస్తుంది. వెనక సీట్లో ఉన్న మా తమ్ముడి కొడుకు, పదమూడేళ్లవాడు, "పెద్దనాన్నా, ఆయన కథ చెబుతున్నట్టుంది" అన్నాడు. నిజమే, గిటార్ ఊ కొడుతోంది. ఇన్నేళ్లుగా వింటున్నా నాకు ఆ మాట తట్టలేదు.

ఆయన రికార్డులన్నింటిలో ఒక్కటే ఉంచుకోమంటే నేను 'బ్లూ అవర్' ఉంచుకుంటాను. 1960 డిసెంబరులో 'ది త్రీ సౌండ్స్' అనే త్రయంతో కలిసి చేసిన రికార్డు ఇది. పియానో మీద జీన్ హ్యారిస్ ఉన్నారు. 'సిన్స్ ఐ ఫెల్ ఫర్ యూ' అనే పాటలో తాళం దెబ్బ పడ్డాక కూడా టరెంటైన్ తొందరపడకుండా, లోపలికి రావాలా వద్దా అని గుమ్మం దగ్గర నిలబడిన మనిషిలా అరక్షణం ఆగి, అప్పుడు స్వరాన్ని వదులుతారు. వదిలిన స్వరం మొదట నిలకడగా ఉంటుంది. కంపనం చివర్లో, ఊపిరి అయిపోవచ్చే వేళ మాత్రమే వస్తుంది. మన గమకాల్లో స్వరం పుట్టుకనుంచే ఊగుతూ రావడం తెలిసిన చెవికి, ఈ ఆలస్యంగా వచ్చే ఊపు కొత్త రుచి. 1974 నాటి 'పీసెస్ ఆఫ్ డ్రీమ్స్'లోనూ ఆ గొంతు చెడలేదు గానీ, చుట్టూ ఉన్న హంగు ఆ అరక్షణపు నిశ్శబ్దానికి చోటివ్వదు. అందుకే దాని దగ్గరికి నేను ఎక్కువగా వెళ్లను.

మర్నాడు పొద్దున్నే గుడికి వెళ్లాం. 1970లలో ప్రతిష్ఠ జరిగిన ఆ తెల్లని గోపురం చెట్ల మధ్య కొండవాలు మీద కనిపించగానే మా మరదలు కారులోనే చేతులు జోడించింది. దర్శనం బాగా జరిగింది. కింద పులిహోర, పెరుగన్నం తిని హిల్ డిస్ట్రిక్ట్‌కు బయలుదేరాం.

టరెంటైన్ పెరిగింది ఈ హిల్ డిస్ట్రిక్ట్‌లోనే. తండ్రి శాక్సఫోన్, తల్లి పియానో, అన్న టామీ ట్రంపెట్. వైలీ అవెన్యూ మీద నడుచుకుంటూ వెళ్లి, క్రాఫర్డ్ గ్రిల్ అనే క్లబ్బు ఉండిన మూడంతస్తుల ఇటుక భవనం ముందు ఆగాం. ఒకప్పుడు దేశంలోని పేరున్న జాజ్ విద్వాంసులంతా వచ్చి వాయించిన చోటది. 2003లో మూతపడింది. హిల్ డిస్ట్రిక్ట్‌లో కింద నగరం వైపున్న భాగాన్ని 1956 నుంచి కూల్చేయడంతో సుమారు ఎనిమిది వేల మంది ఇళ్లు వదిలి వెళ్లిపోవలసి వచ్చింది. వాటి స్థానంలో 1961లో తెరిచిన పెద్ద క్రీడా ప్రాంగణాన్ని కూడా తర్వాత పడగొట్టారు. వైలీ అవెన్యూ ఒకప్పుడు ఆ వాలు మీదుగా నగరం దాకా సాగేది. ఆ వీధుల్లో పెరిగిన కుర్రవాడి చెవిన ఎన్ని కిటికీలలోంచి పాట పడి ఉంటుందో అనుకుంటూ చాలాసేపు నిలబడ్డాను. జార్జ్ బెన్సన్ కూడా ఈ కొండ మీది పిల్లవాడే. 1970లో 'షుగర్' రికార్డులో ఆయన గిటార్, టరెంటైన్ శాక్సఫోన్ పక్కపక్కన వినిపిస్తాయి. ఫ్రెడ్డీ హబ్బర్డ్ ట్రంపెట్ ఎంత మెరిసినా, ఆ పాట నడక మాత్రం ఈ ఇద్దరిదే అని నేను నమ్ముతాను.

అలెఘెనీ శ్మశానవాటికకు చేరేసరికి ఆలస్యమై గేట్లు మూసేశారు. దారిలో ఎక్కువసేపు ఆగమన్నది నేనే కాబట్టి ఎవరినీ అనడానికి లేదు. మరుసటి ఉదయం తమ్ముడు పేచీ పెట్టకుండా మళ్లీ తీసుకొచ్చాడు. మూడు వందల ఎకరాల తోటలాంటి ప్రదేశమది. సమాధి దగ్గర ఫోనులో 'బ్లూ అవర్' చాలా చిన్నగా పెట్టి, ఒక పాట పూర్తయ్యేదాకా మౌనంగా ఉన్నాం.

తిరుగు ప్రయాణానికి ముందు స్క్విరెల్ హిల్‌లో, మర్రీ అవెన్యూ మీద, మెట్లెక్కి వెళ్లే జెర్రీస్ రికార్డ్స్ అనే పాత రికార్డుల కొట్టుకు వెళ్లాను. అరలు నేలనుంచి తల ఎత్తున ఉన్నాయి. పాత అట్టల వాసన. 'టి' అక్షరం వరసలో 'షుగర్' పాత ప్రతి దొరికింది. అట్ట అంచులు తెల్లబడ్డాయి, ఒక మూల నలిగింది. రికార్డును బయటికి తీసి కిటికీ వెలుతురులో వాలుగా పట్టుకున్నాను. పాట గీతలు అయిపోయాక, కాగితపు లేబుల్‌కు ముందు మిగిలే నున్నటి వలయంలో, సన్నని అక్షరాల్లో వాన్ గెల్డర్ ముద్ర. నేను దారి పొడవునా విన్నవాటిని రికార్డు చేసిన మనిషి పేరు అది. ఆయన స్టూడియో ఉన్నది న్యూజెర్సీలోనే, ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో, మా తమ్ముడి ఇంటికి గంట దూరంలో. ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూశాను. నలుపులో కనిపించీ కనిపించకుండా ఉన్నా, వేలికి మాత్రం తగులుతున్నాయి.