కిలో లెక్కన కొన్న పాతకాలం

గుంటూరులో మా కాలేజీ హాస్టల్ గది ముగ్గురిది. మూడు ఇనప మంచాలు, మూడు రేకు బీరువాలు, వెల్ల వేసిన గోడలు, నడినెత్తిన తెల్లటి ట్యూబ్‌లైట్. మొదటి ఏడాదంతా అందులోనే గడిపేశాం. రెండో ఏడాది గది మారినప్పుడు మా రూమ్మేట్ మొదలుపెట్టింది: "ఈసారైనా మనుషులుండే గదిలా చేద్దామే." ఫోన్లో వింటేజ్ గదుల ఫొటోలు చూపించింది. అన్నింట్లోనూ ఒకటే సరుకు. టైప్‌రైటర్, గ్రామఫోన్, ఈఫిల్ టవర్ బొమ్మ. మా ముగ్గురి ఇళ్ళల్లో ఏనాడూ లేని పాతకాలం అది! పైగా ఆ గ్రామఫోన్ ఉత్తుత్తి బొమ్మే పదిహేను వందలట. మా ముగ్గురి దగ్గరా కలిపి ఉన్నది రెండు వేలు.

నాది రేపల్లె వైపు. పాతకాలం అంటే నాకు గుర్తొచ్చేది అమ్మమ్మగారింటి అటక. ట్రంకు పెట్టె, లాంతరు, ఉత్తరాలు గుచ్చిన ఇనప చువ్వ, సంక్రాంతికి మాత్రమే కిందికి దిగే కొండపల్లి బొమ్మలు. అవే తెద్దాం అన్నాను. మిగతా ఇద్దరూ ఒప్పుకున్నారు, ఖర్చు తక్కువని.

ఇక హాస్టల్ రూల్స్. మేకు కొట్టకూడదు, రంగు వేయకూడదు, కెటిల్, ఐరన్ బాక్స్ కనిపిస్తే వార్డెన్ మేడమ్ పట్టుకుపోతారు. గోడ పాడైతే కాషన్ డిపాజిట్‌లో కోత. మేకులు లేకపోతే డబుల్ సైడ్ టేపు ఉందిగా అనుకుని మొదటి రోజే ఒక క్యాలెండర్ బొమ్మ అంటించాం. తెల్లారేసరికి అది కింద ఉంది, దాని వెనక అరచేతి వెడల్పున వెల్ల పెచ్చు. వెల్ల గోడకి టేపు పట్టదు, పట్టినా గోడని వదలదు. ఊడినచోట ముగ్గుపిండి తడిపి మెత్తాం. దగ్గరికొచ్చి చూస్తే తెలిసిపోతుంది, కానీ అక్కడ బీరువా జరిపాం. ఆ తర్వాత గోడ జోలికి వెళ్ళలేదు. కిటికీ చువ్వల నుంచి వెంటిలేటర్ చువ్వల దాకా పురికొస కట్టి, బట్టల క్లిప్పులతో అన్నీ దానికే వేలాడదీశాం.

ట్రంకు పెట్టె దగ్గర నేర్చుకున్నదే అన్నిటికన్నా విలువైంది. పాత సామాన్ల కొట్లో గోడవారన కనిపించింది, తుప్పు పట్టి, మూత ఒక మూల సొట్టపోయి. మా రూమ్మేట్ ఆగలేక "వావ్, వింటేజ్!" అంది. కొట్టాయన మొహం వెలిగింది. "యాంటిక్ పీసమ్మా. పదిహేను వందలు. షూటింగులోళ్ళు అడిగితే కూడా ఇవ్వలా."

బయటికొచ్చేశాం. నాలుగు రోజులాగి నేనొక్కదాన్నే వెళ్ళాను, పాత చున్నీ వేసుకుని. "బాబాయ్, హాస్టల్లో బట్టలు పెట్టుకోడానికి పాత రేకు పెట్టేదైనా ఉందా? తుప్పు పట్టినా ఫర్లేదు" అన్నాను. ఆయన నన్ను గుర్తుపట్టలేదో, పట్టనట్టు ఊరుకున్నాడో మరి. "కిలో నలభై. తూకం వేస్తా, చూస్కో" అన్నాడు. పదకొండు కిలోలు తూగింది. నాలుగు వందల నలభై. అదే పెట్టె, అదే సొట్ట.

తుప్పు వదిలించడానికి ఒక ఆదివారం మొత్తం పట్టింది. ముందు ఉప్పు కాగితంతో గీకాం, గరుకుది అయ్యాక సన్నది. గోళ్ళలోకి ఎర్ర పొడి దూరి రెండు రోజులు పోలేదు. నేరుగా రంగు వేసేద్దామనుకుంటే పెయింట్ షాపు అన్నయ్య ఆపాడు. కింద తుప్పు మిగిలి ఉంటే పైన రంగు బుడగల్లా లేచి రాలిపోతుందట. ముందు రెడ్ ఆక్సైడ్ (తుప్పు పట్టకుండా రంగు కింద వేసే ప్రైమర్) ఒక పూత వేసి, అది బాగా ఆరాక ఎనామెల్ వేయమన్నాడు. రెండు చిన్న డబ్బాలు, బ్రష్షు, ఉప్పు కాగితాలు కలిపి మూడు వందల పది. ముదురాకుపచ్చ రంగు తీసుకున్నాం. పని డాబా మీద పెట్టుకోవడం మంచిదైంది, ఆ వాసనకి గదిలో ఉండలేం. లోపలివైపు మటుకు రంగు వేయలేదు, పాత పేపర్లు పరిచాం. ఇప్పుడది మంచాల మధ్య బల్ల. లోపల మా ముగ్గురి స్వెట్టర్లు, పచ్చడి సీసాలు. (స్వెట్టర్ గుంటూరులో ఎందుకని అడగొద్దు. అమ్మలు పంపిస్తారు.)

కర్టెన్ దగ్గర మాత్రం గొడవైంది. అమ్మమ్మ పాత మంగళగిరి నూలు చీర ఒకటి అమ్మ దగ్గరుంది. మెంతిరంగు చీర, సన్నటి జరీ అంచు. అడిగితే అమ్మ ఫోన్లోనే కేకలు. "అమ్మమ్మ చీరకి కత్తెర పెడతావా? చేతులెలా వస్తాయే నీకు?" కత్తెర పెట్టకుండా కర్టెన్ ఎలా అని రెండు రోజులు ఆలోచించి, చివరికి కిటికీని టేపుతో కొలిచాను. ఎత్తు నాలుగడుగులకి కాస్త తక్కువ. చీర పన్నా కూడా ఇంచుమించు అంతే, నలభయ్యారు అంగుళాలు! చీరని నిలువుగా కాకుండా అడ్డంగా పరిచి, పై అంచుని క్లిప్పులతో పురికొసకి పట్టించాం. కింది జరీ అంచు సరిగ్గా కిటికీ గట్టు మీదికొచ్చింది. పద్దెనిమిది అడుగుల పొడవు కదా, కిటికీ ఆరడుగులే. మిగిలిందంతా కుచ్చిళ్ళు పోసినట్టు మడతలు పడింది. మంగళగిరి నేత దట్టంగా ఉంటుంది, దానికి తోడు మడతలు, మధ్యాహ్నం ఎండని బాగానే ఆపుతోంది. కత్తెర లేదు, సూది లేదు. సెలవులకి తీసి ఉతికి, మడతపెట్టి అమ్మకిచ్చేయొచ్చు. ఈ మాట చెప్పాకే చీర బస్సెక్కింది.

గోతాల సంగతి చెప్పకుండా ఉండాలనుకున్నాను గానీ మా బ్లాకులో అందరికీ తెలుసు. నేల మీదికి జనపనార గోతాలు విప్పి, నాలుగు కలిపి కుట్టి చాపలా వేద్దామని నా ఐడియానే. ఒక్కోటి ముప్ఫై రూపాయలు. "ధాన్యం గోతాలేగా?" అని అడిగాను. "ధాన్యమేనమ్మా" అన్నాడు గోతాలమ్మే ఆయన. గుంటూరులో ఉంటూ ఆ మాట నమ్మానంటే తప్పు నాదే. అవి మిర్చి టిక్కీలు, అంటే ఎండుమిరపకాయలు నింపే గోతాలు. రాత్రి పరిచాం, ఫ్యాన్ ఐదు మీద పెట్టాం. ముందు మా రూమ్మేట్ తుమ్మింది. తర్వాత నేను. పావుగంటలో ఎదురు గది వాళ్ళు కూడా తలుపులు తీసి దగ్గుతూ బయటికొచ్చారు. పొద్దున్నే బకెట్లో నానబెడితే నీళ్ళు ఎర్రగా వచ్చాయి. చేతులతో పిండినందుకు సాయంత్రం దాకా మంట, మజ్జిగలో చేతులు పెట్టుకుని కూర్చున్నాను. మూడుసార్లు సర్ఫులో నానబెట్టి, వారం రోజులు ఎండలో వేశాక అవి చాపలయ్యాయి. ఇప్పటికీ వాన పట్టిన రోజున సన్నగా ఘాటు వస్తుంది.

వేలాడదీయడానికి బొమ్మలు కావాలి కదా. విజయవాడ వెళ్ళి ఏలూరు రోడ్డులో, లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాల కొట్లు తిరిగాం. ఒకప్పుడు సినిమా హాళ్ళ దగ్గర పైసల్లో అమ్మిన పాటల పుస్తకాలు దొరికాయి, అట్టమీద హీరో హీరోయిన్లతో. ఆరు నూట యాభైకిచ్చాడు. ఈసారి వింటేజ్ అనే మాట ఎవరి నోటా రానివ్వలేదు, బస్సులోనే ఒట్టు వేయించుకున్నాను.

ఉత్తరాలు ఊరి నుంచి తెచ్చాను. నీలం ఇన్‌లాండ్ కవర్లు, కార్డులు, తాతయ్యకి ఉద్యోగం వచ్చినట్టు చెప్పిన ఒక టెలిగ్రామ్. తంతి సేవ 2013 జులైలో ఆగిపోయింది కాబట్టి మాలో ఎవరం దాన్ని అందుకున్నవాళ్ళం కాదు. అసలువి వేలాడదీస్తే ఎండకి వెలిసిపోతాయని కలర్ జిరాక్సులు తీయించాను. తెల్ల కాగితం మీద అవి కొత్తగా, దొంగ కాగితాల్లా కనిపించాయి. టీ డికాషన్ చిక్కగా కాచి (మెస్‌లో బతిమాలి), చల్లార్చి, పళ్ళెంలో పోసి ఒక్కో కాగితం ఐదు నిమిషాలు ముంచి ఆరబెడితే ఆ రంగు వచ్చింది. ఒక జాగ్రత్త: ఇది లేజర్ జిరాక్సుకే పనికొస్తుంది, దాని పొడి వేడికి కాగితానికి అతుక్కుని ఉంటుంది. ఇంక్‌జెట్ ప్రింటరులో తీసిన రెండు మాత్రం డికాషన్‌లో పడగానే సిరా కరిగి నీలం మడుగైపోయాయి.

చేయి విరిగిన కొండపల్లి బొమ్మ ఒకటి అమ్మమ్మ ఊరికే ఇచ్చింది. కొండపల్లిలో బొమ్మలు చేసేవాళ్ళు అతికేది చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో. నేను ఫెవికాల్ పూశాను. కాస్త వంకరగానే ఉంది, నమస్కారం పెట్టేది ఇప్పుడు టాటా చెబుతున్నట్టుంటుంది.

ఇంత చేసినా రాత్రి ట్యూబ్‌లైట్ వేస్తే గది ఆసుపత్రి వార్డులాగే ఉండేది. లోపం లైటుదని ఆలస్యంగా వెలిగింది. ఎల్‌ఈడీ బల్బు అట్టపెట్టె మీద కెల్విన్ అంకె ఉంటుంది. 6500 అంటే నీలం కలిసిన తెలుపు, 2700, 3000 అంటే పాత బల్బు పసుపు. నూట పదికి 2700ది ఒకటి కొని టేబుల్ ల్యాంపుకి పెట్టాం. పాత లాంతరులో ఒత్తి తీసేసి, బ్యాటరీతో వెలిగే చిన్న లైట్ల దండ చుట్టి పెట్టాం. కిరసనాయిలూ లేదు, ప్లగ్గూ లేదు, వార్డెన్ మేడమ్ అనడానికి ఏమీ లేదు. ఆవిడ వచ్చి చూసి, పెట్టె మూత ఎత్తి, "ఈ పచ్చళ్ళకి చీమలు పడతాయి" అని మాత్రం అన్నారు.

మొత్తం పద్దెనిమిది వందల యాభై అయింది, బస్సు చార్జీలతో సహా.

ఏడాది చివర పెట్టె ఎక్కడ పెట్టాలో తెలీలేదు. ఇంటికి తెస్తే గుమ్మంలోకి రానివ్వనంది అమ్మ. ఆ కొట్టుకే వెళ్ళి ఫొటో చూపించాను. "బాబాయ్, దీన్ని తిరిగి తీసుకుంటారా? రంగూ గింగూ వేశాం చూడండి. యాంటిక్ పీస్."

ఆయన ఫొటో చూశాడు, నన్ను చూశాడు, తూకం మిషన్ వైపు చెయ్యి చూపించాడు.