చేప పోయాక ట్యాంకులో ఏం చేశానంటే

పొద్దున లేచి చూసేసరికి మా అక్వేరియంలో గౌరామి చేప ఫిల్టర్ వెనకాల ఇరుక్కుని చచ్చిపోయి ఉంది. ఇంట్లో అందరిదీ ఒకటే మాట. "మొత్తం ఖాళీ చేసి కడిగెయ్, పీడా పోతుంది" అంది అమ్మ. రాళ్లు కూడా ఎండలో పోయమంది. అందులో మిగిలిన టెట్రాలనే చిన్న చేపలను చంపుకోవడానికి అంతకంటే సులువైన దారి లేదని ఆవిడకు చెప్పి ఒప్పించడానికే సగం పొద్దు పోయింది.

ముందు చేపను వలతో తీసి వెలుతురులో పెట్టి చూశాను. తెల్లచుక్కలు లేవు, పొలుసులు లేచి లేవు, పొట్ట ఉబ్బలేదు. ఒక పక్క కొంచెం తెల్లటి బూజు పట్టింది. దాన్ని చూసి రోగమని కంగారుపడక్కర్లేదు, చచ్చి కొన్ని గంటలైన ఒంటి మీద బూజు ఎలాగూ వస్తుంది. వయసైపోయి పోయిందా, ఇంకేదైనా కారణమా అన్నది చేపను చూసి తేల్చడం చాలాసార్లు కుదరదు. నీళ్లు మాత్రం ఎంతో కొంత చెబుతాయి. అందుకే ఒక్క చెంబు కూడా మార్చకముందే టెస్ట్ కిట్ తీశాను. నీళ్లు మార్చేశాక టెస్ట్ చేస్తే అసలు సంగతి తెలియదు.

చేపల చెత్త నుంచి పుట్టే విషం అమ్మోనియా. అది లీటరుకు 0.5 మిల్లీగ్రాములు చూపించింది. అది సున్నా ఉండాలి. రాత్రంతా కుళ్లిన చేప వల్లే అది పెరిగి ఉండొచ్చు. అమ్మోనియా మారి అయ్యే నైట్రైట్ సున్నా. చివరికి మిగిలే నైట్రేట్ మాత్రం లీటరుకు 80 మిల్లీగ్రాములు దాటింది. అది ఒక్క రాత్రిలో పెరిగేది కాదు. రాళ్ల సందుల్లో రెట్టా, తినకుండా వదిలేసిన మేతా చాన్నాళ్లుగా పేరుకుంటున్నాయన్నమాట.

అయినా మొత్తం ఎందుకు కడగకూడదంటే, చేపలు వదిలే అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఉండేది నీళ్లలో కాదు, ఎక్కువగా ఫిల్టర్ స్పాంజ్‌లోనూ రాళ్ల మీదా ఉంటుంది. స్పాంజ్‌ను కుళాయి కింద పెడితే క్లోరిన్‌కు అది చస్తుంది. మళ్లీ పెరగడానికి 4 నుంచి 6 వారాలు పట్టొచ్చు. అన్నాళ్లూ బతికున్న చేపలు తమ విషంలో తామే ఈదాలి. కడిగిన మర్నాడు అద్దంలా మెరిసే ట్యాంకులో వారం తిరక్కుండా చేపలు ఒక్కొక్కటే పోవడం వెనక ఉన్న కథ చాలాసార్లు ఇదే.

కాబట్టి కొంచెమే కడిగాను. హీటర్ ప్లగ్ తీసి చల్లారనిచ్చాను. వేడి మీదున్న గాజు నీళ్లలోంచి బయటపడితే పగలొచ్చు. సైఫన్ పైపుతో మూడో వంతు నీళ్లు లాగాను, రాళ్లు ఆ రోజుకు ఒక సగం వైపే కదిపాను. రెండో సగం మరుసటి వారానికి. స్పాంజ్‌ను కుళాయి కింద కాకుండా, ట్యాంకులోంచి లాగిన నీళ్ల బకెట్లోనే పిండాను. ఆ మురికి చూస్తే ఫిల్టర్‌లో ధార ఎందుకు సన్నబడిందో తెలిసింది. మోటారు లోపల తిరిగే చిన్న చక్రానికి కూడా జిగురు పట్టింది. దాన్ని పాత బ్రష్‌తో రుద్దాక ధార మళ్లీ బలంగా వచ్చింది. మూత మీది తెల్లటి ఉప్పు మరకలు వెనిగర్‌తో పోయాయి. సబ్బు మాత్రం దగ్గరికి కూడా రానివ్వలేదు.

చేతి మీద గీతలూ పుండ్లూ ఉంటే గ్లవ్స్ వేసుకోండి. చేపలకు క్షయలాంటి జబ్బు తెచ్చే మైకోబాక్టీరియం మెరైనమ్ అనే సూక్ష్మజీవి మన చర్మంలోకీ వస్తుంది, ఆ గడ్డ మానడానికి నెలలు పడుతుంది.

కొత్త నీళ్లలో యాంటీ క్లోరిన్ చుక్కలు కలిపి, వేడి సరిచూసి నెమ్మదిగా పోశాను. నీళ్లు ఒక రోజు నిలవ ఉంచితే చాలంటారు. అది క్లోరిన్‌కు సరే, కొన్నిచోట్ల కలిపే క్లోరమైన్ అలా పోదు.

ఇక మావాడు. "నాన్నా, ఇవాళే కొత్త చేప తెద్దాం" అని ఒకటే గొడవ. ఈ మొత్తం వ్యవహారంలో నాకు టెన్షన్ పెట్టింది ఇదే. అమ్మోనియా సున్నాకు వచ్చి అక్కడే నిలబడాలి, నైట్రేట్ 20 దరిదాపులకు దిగాలి, అప్పటిదాకా షాపు వైపే వెళ్లొద్దని తేల్చి చెప్పాను. మేత తగ్గించి, కొంచెం కొంచెంగా నీళ్లు మారుస్తూ వచ్చాం.

వాడికి గోల్డ్ ఫిష్ కావాలి. దానికి చల్లటి నీళ్లు కావాలి, చెత్త కూడా ఎక్కువ చేస్తుంది, టెట్రాలతో పొసగదు. ఏంజెల్ ఫిష్ పెరిగి పెద్దదైతే టెట్రాలనే తింటుంది. మా దగ్గర మిగిలినవి నాలుగే నియాన్ టెట్రాలు, అవేమో ఆరుకు తగ్గితే బెదురుతూ మూలన ఉండే రకం. అందుకే కొత్త రకం జోలికి పోకుండా ఇంకో నాలుగు టెట్రాలు తెచ్చాను. కొనేటప్పుడు చేపను కాదు, అది ఉన్న తొట్టిని చూడాలి. అందులో ఒక్క చచ్చిన చేప కనబడినా అక్కడ కొనకపోవడమే మంచిది.

వాటిని నేరుగా ట్యాంకులో వేయలేదు. బాక్టీరియా పట్టేందుకు మా ట్యాంకులో ముందే నానేసిన చిన్న స్పాంజ్ ఫిల్టర్‌ను మూతున్న ప్లాస్టిక్ టబ్బులో పెట్టి, అందులో మూడు నాలుగు వారాలు విడిగా ఉంచాను. తెల్లచుక్కల రోగం ఉంటే ఈ లోపు బయటపడుతుంది. ఆ రోగం తెచ్చే పురుగు చేప ఒంటి మీద ఉన్నప్పుడు మందుకు లొంగదు, నీళ్లలో ఈదే దశలోనే చస్తుంది. రోగం కనబడకుండా ముందుజాగ్రత్తగా మందు పోయడం నాకిష్టం లేదు.

తెచ్చిన రోజు లైటు ఆపి, సంచిని పావుగంట నీళ్ల మీద తేలనిచ్చి, కప్పుతో టబ్బు నీళ్లు కొంచెం కొంచెం కలిపి, చేపలను మాత్రం వలతో దింపాను. సంచి నీళ్లు పారబోశాను. ఈ కలపడం గంటలకొద్దీ సాగదీయడం మంచిదని నేననుకోను. సంచి విప్పగానే అందులోని కార్బన్ డయాక్సైడ్ పోయి పీహెచ్ పెరుగుతుంది, దాంతో లోపలి అమ్మోనియా మరింత విషమవుతుంది.

టబ్బులోంచి ట్యాంకులోకి మార్చాక వారం పాటు అమ్మోనియా చూశాను, సున్నా దాటలేదు. ఇప్పుడు ఎనిమిదీ కలిసే తిరుగుతున్నాయి. మేత డబ్బా మాత్రం పై అరలోకి ఎక్కింది. ఇదివరకు ఆ పక్కగా వెళ్లిన ప్రతివాళ్లూ ఒక చిటికెడు వేసేవాళ్లు, ఇప్పుడు పొద్దున పూట మావాడు ఒక్కడే వేస్తాడు.