ఉప్పుమడుల ఊరి నుంచి గడ్డకట్టిన సముద్రం మీదికి

కెనడా ఉత్తర భాగాన, బాఫిన్ దీవిలోని ఇకాలుయిట్‌లో నేను వెల్డింగ్ పని చేస్తున్నాను. సెలవులకు మా ఉప్పుమడుల ఊరు నౌపడా వచ్చినప్పుడల్లా బంధువులు అడిగేది ఒకటే: సముద్రం మీద బండి నడపాలంటే మంచు ఎంత మందం ఉండాలి? మందం చూడవలసిందే, మందం రెట్టింపైతే మోయగల బరువు నాలుగింతలవుతుందని కెనడా మంచు పరిశోధకుడు లోర్న్ గోల్డ్ 1971లో చూపించారు. అయితే అది మంచినీటి మంచు లెక్క. సముద్రపు మంచును మందంతోనే నమ్మడం ప్రమాదమని నా గట్టి అభిప్రాయం.

మా ఉప్పుమడుల్లో ఎండకు నీరు ఆవిరై ఉప్పు మిగులుతుంది. ఇకాలుయిట్ సముద్రంలోనైతే సుమారు మైనస్ 1.8 డిగ్రీల సెల్సియస్ వద్ద నీరు స్ఫటికాలుగా గడ్డకడుతూ ఉప్పును బయటికి నెట్టేస్తుంది. ఆ ఉప్పులో కొంత చిక్కటి ద్రవమై స్ఫటికాల సందుల్లో ఇరుక్కుంటుంది. "అయితే ఆ మంచు నిండా కన్నాలేనన్నమాట" అని మడుల్లోనే జీవితం గడిపిన మా చిన్నాన్న ఇట్టే గ్రహించాడు. చలి ముదిరితే ఆ కన్నాలు కుంచించుకుపోతాయి, వేడెక్కితే విస్తరిస్తాయి. టిమ్కో, ఓబ్రియన్ అనే పరిశోధకులు 1994లో ఇచ్చిన సూత్రం ప్రకారం, ఆ ద్రవం మంచు ఘనపరిమాణంలో 5 శాతానికి చేరేసరికి మంచు విరగకుండా వంపును తట్టుకునే బలం, ఉప్పులేని మంచుతో పోలిస్తే, సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది. అందువల్ల నడి చలికాలంలో భరోసా ఇచ్చిన మందమే వేసవి ముంగిట ఆ భరోసా ఇవ్వదు.

పని మీద మంచు దాటవలసి వస్తే, మా బృందానికి దారి చూపే ఇన్యూట్ (అక్కడి మూలవాసి తెగ) పెద్దాయన ముందు నడుస్తూ ఇనుప మొన ఉన్న కర్రతో మంచును పొడిచి, మొన దిగిన తీరునూ చప్పుడునూ గమనిస్తారు. ఇకాలుయిట్‌ను ఆనుకున్న ఫ్రోబిషర్ అఖాతంలో పెద్ద పోటుల సమయంలో పోటుపాట్ల తేడా 10 మీటర్లు దాటుతుంది కనుక ఒడ్డు వెంట మంచు రోజూ పగులుతూనే ఉంటుంది. పైన పేరుకున్న హిమం ఆ పగుళ్లను కప్పేయడమే కాక, చలిని లోపలికి దిగనివ్వక కింది మంచును పలచగా ఉంచుతుంది.

బరువు బండి కదిలేటప్పుడు మంచు కుంగి, కింది నీటిలో అల పుడుతుంది. ఒక వేగం వద్ద బండి, ఆ అల కలిసి సాగితే మంచు వంపు బాగా పెరుగుతుంది కనుక నెమ్మదిగా, బండికీ బండికీ ఎడం ఉంచి నడపాలి. నిలిపినా నిశ్చింత లేదు, గంటల తరబడి ఒకేచోట ఉన్న బరువు కింద మంచు మెల్లగా కుంగుతూనే పోతుంది. పక్కన తొలిచిన రంధ్రంలోంచి నీరు మంచు మీదికి పొంగిందంటే, ఆ బరువును వెంటనే అక్కడి నుంచి తీసేయాలి.